పచ్చ జతకి నీలం పిల్ల, ఎర్రకన్ను పసుపు పిల్ల... ఎట్ల సాధ్యం?

టవర్‌క్లాక్_చిన్నా (అనంతపురం)
అన్నలూ అక్కలూ నమస్తే. నా దగ్గర ఒక జత బడ్జీలు (పంజరంలో పెంచే చిన్న చిలకలు) ఉండాయి, రెండూ పచ్చవే. మగది లేత పచ్చ, ఆడది కొంచెం ముదురు పచ్చ, రెండింటికీ మొహం పసుపు, రెక్కల మీద నల్లగీతలు, అంతా మామూలే. కుండ కట్టినాక నాలుగు పిల్లలు అయినాయి. రెండు పచ్చగా ఈకలు వస్తాండాయి, సరే. ఒకటేమో నీలం, మొహం తెల్లగా ఉంది. ఇంకొకటి మొత్తం పసుపు, ఒంటి మీద ఒక్క గీత లేదు, కన్ను చూస్తే దానిమ్మ గింజ మాదిరి ఎర్రగా మెరుస్తాంది. మా అవ్వ ఆ కన్ను చూసి దిష్టి తగిలింది అంటాంది, పక్కింటాయనేమో వేరే మగది ఏదో కలిసింటాది అంటాడు. కానీ పంజరంలో మొదట్నుంచీ ఈ రెండే ఉండేది, ఇంకో పక్షి లేనేలేదు. రెండు పచ్చ పక్షులకి నీలం ఎట్ల వస్తాది, పసుపు ఎట్ల వస్తాది, ఆ ఎర్రకన్ను జబ్బా కాదా, తెలిసినోళ్ళు ఎవరన్నా వివరంగా చెప్పండి. ఫోటోలు కింద పెట్టినా.

పెన్నేటి_గాలి (ప్రొద్దుటూరు)
అబ్బా ఆ పసుపు పిల్ల ఎంత బాగుంది చిన్నా! అది లుటినో కదా? మా కడప జిల్లాలో దొరకడమే కష్టం, దొరికినా రేటు బాగా చెప్తారు.

గువ్వలగూడు (కర్నూలు)
చిన్నా తమ్మీ, ముందు అవ్వకి చెప్పు, దిష్టీ లేదు జబ్బూ లేదు. అది లుటినోనే, పెన్నేటి చెప్పింది కరెక్టు. ఎర్రకన్ను దానికి పుట్టుకతోనే వస్తాది, కంటికి నల్లరంగు ఇచ్చే పదార్థం ఒంట్లో తయారు కాదు కాబట్టి లోపలి రక్తం రంగే బయటికి కనపడతాది. చూపు ఉంటాది, గింజ ఏరుకుంటాది, ఎగురుతాది, అన్నీ చేస్తాది. కాకపోతే మన అనంతపురం ఎండ నేరుగా మొహాన కొట్టే చోట ఆ పంజరం పెట్టొద్దు, ఎర్రకన్ను పక్షికి ఎక్కువ వెలుతురు ఇబ్బంది.

రెండు మూడు సంగతులు అడుగుతా, చూసి చెప్పు. ఒకటి, ఆ పసుపు పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడు, కన్ను తెరవక ముందే, రెప్ప చర్మం కింద ఎర్రగా కనపడిందా, మిగతా మూడింటికీ నల్లగా కనపడిందా? రెండు, తల్లి పచ్చ ఎంత ముదురు, తండ్రి పక్కన పెట్టి పగటి వెలుతురులో ఒక ఫోటో తియ్యి. మూడు, ఆ నీలం పిల్ల బుగ్గమచ్చ ఏం రంగు, ఊదానా బూడిదనా. ఈ మూడు చెప్తే నీ జత కడుపులో ఏం దాచుకుందో మొత్తం చెప్పొచ్చు.

టవర్‌క్లాక్_చిన్నా (అనంతపురం)
అవునన్నా, మొదటి రోజే రెప్ప కింద ఎర్రగా కనపడింది, మిగతా వాటికి నల్ల చుక్క మాదిరి కనపడింది. నేను వెలుతురు పడి అట్ల ఉందేమో అనుకున్నా. నీలం పిల్ల బుగ్గమచ్చ ఊదా రంగే, ముదురుగా ఉంది. జత ఫోటో ఇదో, కిటికీ పక్కన తీసినా.

గువ్వలగూడు (కర్నూలు)
చూసినా. అయితే విను, కొంచెం పొడుగ్గా ఉంటాది, ఓపిగ్గా చదువు.

బడ్జీ అసలు రంగు పచ్చ. ఆస్ట్రేలియా అడవుల్లో, ఎండు మైదానాల్లో గుంపులు గుంపులుగా తిరిగేదంతా పచ్చే, పసుపు మొహం, వెనక నల్లగీతలు. 1840లో జాన్ గౌల్డ్ అనే ఆయన ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లాండుకి బతికున్న పక్షుల్ని తీసుకపోయినాడు, అక్కడ్నుంచి పంజరం పక్షి అయిపోయింది. ఆ తర్వాత యూరోపులో పెంచేవాళ్ళ దగ్గర ఒక్కో రంగు పుట్టుకొచ్చింది, నీలం 1880 చుట్టుపక్కల బెల్జియంలో కనపడింది, ముదురు పచ్చ 1915లో ఫ్రాన్సులో. మనం ఇప్పుడు షాపులో చూసే రంగులన్నీ ఆ పచ్చలోంచి ఏదో ఒకటి తగ్గడం వల్ల, మారడం వల్ల వచ్చినవే.

ఆ పచ్చ ఎట్ల వస్తాదో తెలిస్తే మిగతాదంతా తేలిక. బడ్జీ ఈకలో పచ్చరంగు అని ఒకటి లేనేలేదు. పైన పసుపు ఉంటాది, లోపల ఈక నిర్మాణం, దాని వెనక నలుపు కలిసి వెలుతురుని నీలంగా విరజిమ్ముతాయి. పసుపూ నీలమూ కలిసి మన కంటికి పచ్చ. ఇప్పుడు పసుపు తీసెయ్యి, ఏం మిగులుతాది? నీలం. మొహం పసుపుగా ఉండాల్సింది తెల్లగా అయిపోతాది. అదే నీ నీలం పిల్ల. నలుపు తీసెయ్యి, నీలం కనపడే దారి లేదు, గీతలు ఉండవు, కంటిలో నలుపు ఉండదు, ఒట్టి పసుపు మిగులుతాది. అదే నీ లుటినో. రెండూ తీసేస్తే? తెల్ల ఒళ్ళు, ఎర్ర కన్ను, అల్బినో. అంతే.

ఇక ఎట్ల పుట్టినాయి అనేది. నీలం అనేది రిసెసివ్, అంటే తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటి రెండూ వస్తేనే బయటపడతాది. ఒక్కటే ఉంటే పక్షి పచ్చగానే ఉంటాది గానీ లోపల నీలం దాచుకుని ఉంటాది, దాన్నే మనోళ్ళు స్ప్లిట్ అంటారు. నీ మగది స్ప్లిట్ బ్లూ, ఆడది కూడా స్ప్లిట్ బ్లూ. అట్లాంటి జతకి లెక్క ప్రకారం నాలుగింట్లో ఒకటి నీలం పుట్టే అవకాశం ఉంటాది. పక్కింటాయన్ని ఇంక ఊరుకోమను.

తుంగభద్ర_మాస్టారు (కర్నూలు)
గువ్వలగూడు గారు బాగా చెప్పినారు. నేను బడిలో బయాలజీ చెప్తా కాబట్టి ఒక మాట కలుపుతా. ఆ నీలం వెనక ఉన్న జీన్‌ని 2017లో శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. పసుపు తయారు చేసే ఎంజైమ్ ఒకటుంది, దాంట్లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, పక్షి ఈకలో పసుపు తయారవ్వదు, పచ్చ బడ్జీ నీలం బడ్జీ అవుతుంది. ఇంత పెద్ద తేడాకి కారణం అంత చిన్న మార్పు. ఇంకొకటి, ఆ పసుపు మనకు కనపడే పసుపు మాత్రమే కాదు, తల మీదా బుగ్గల దగ్గరా ఉండే పసుపు ఈకలు అల్ట్రావయొలెట్ వెలుతురులో మెరుస్తాయి, జత ఎంచుకునేటప్పుడు బడ్జీలు ఆ మెరుపుని చూస్తాయని 2002లో ప్రయోగం చేసి చూపించినారు. అంటే ఈ రంగులూ మచ్చలూ మనకు అలంకారంగా కనపడతాయి గానీ వాటికి అది ముఖ పరిచయం.

టవర్‌క్లాక్_చిన్నా (అనంతపురం)
గువ్వలగూడు అన్నా, నీలం అర్థమైంది. పసుపుదానికి కూడా ఇద్దరి నుంచీ రావల్లా? అట్లయితే మా ఆడదానికి కూడా లుటినో దాగుందా?

గువ్వలగూడు (కర్నూలు)
లేదు, అక్కడే అసలు సంగతి. ఎర్రకన్ను జీన్ సెక్స్ లింక్డ్. పక్షుల్లో మగదానికి జెడ్ క్రోమోజోములు రెండు, ఆడదానికి ఒక జెడ్ ఒక డబ్ల్యూ. ఎర్రకన్ను జెడ్ మీదే కూర్చుంటాది. ఆడదానికి ఉండేదే ఒక జెడ్, దాని మీద ఆ జీన్ ఉంటే దాచుకునే వీలు లేదు, బయట లుటినోగా కనపడాల్సిందే. మీ ఆడది పచ్చగా ఉంది కాబట్టి దాంట్లో లేదు. అంటే వచ్చింది తండ్రి నుంచే, మీ మగది స్ప్లిట్ బ్లూ, దాంతోపాటు స్ప్లిట్ ఇనో కూడా, ఇనో అంటే ఈ ఎర్రకన్ను జీనే. తల్లి నుంచి మగపిల్లలకి మంచి జెడ్ ఒకటి ఎట్లాగూ పోతాది, కాబట్టి ఈ జతకి ఎర్రకన్ను మగపిల్ల పుట్టే ప్రసక్తే లేదు.

అంటే తమ్మీ, ఆ పసుపు పిల్ల ఆడదే. మగా ఆడా తేల్చడానికి ముక్కు రంగు చూడాల్సిన పనే లేదు, ఇప్పుడే పేరు పెట్టుకో.

ఏడురోడ్ల_వాణి (కడప)
ఇంత చిన్న పిల్లని చూసి ఆడదని చెప్పేయొచ్చా! భలే ఉంది ఇది. నేను కూడా ఒకటి అడగాల. నా దగ్గర ఒక తెల్ల బడ్జీ ఉండాది, షాపాయన అల్బినో అని చెప్పి ఇచ్చినాడు. కానీ దాని కన్ను ఎరుపు కాదు, నలుపే, చుట్టూ సన్నగా తెల్ల రింగు ఉండాది. ముక్కు దగ్గర కండ నీలంగా ఉండాది. ఇది అల్బినోనేనా? ఫోటో పెట్టినా, ఈ మధ్యే తీసింది.

గువ్వలగూడు (కర్నూలు)
అల్బినో కాదమ్మా. కన్ను ఎరుపు లేకపోతే అల్బినో అనే మాటే లేదు. నీది డబుల్ ఫ్యాక్టర్ స్పాంగిల్, మగది. చాలా మంచి పక్షి, ఏం తక్కువ కాదు.

తెల్లగా కనపడే బడ్జీలు ముఖ్యంగా మూడు రకాలు ఉంటాయి, కంటి దగ్గరే తేల్చాల. కన్ను ఎర్రగా ఉంటే అల్బినో. కన్ను నల్లగా ఉండి చుట్టూ తెల్ల రింగు ఉంటే డబుల్ ఫ్యాక్టర్ స్పాంగిల్. పక్షి పెద్దదయినా కన్ను పూర్తిగా నలుపే ఉండి రింగు రాకపోతే డార్క్ ఐడ్ క్లియర్ అంటారు, అది రెండు రకాల పైడ్ (ఒంటి మీద రంగు లేని మచ్చలుండే రకం) కలిస్తే వచ్చేది. ముక్కు కూడా సాక్ష్యం చెప్తాది, స్పాంగిల్ మగదానికి మామూలుగా నీలంగా వస్తాది, అల్బినో మగదానికీ డార్క్ ఐడ్ మగదానికీ జీవితాంతం గులాబీ ఊదా రంగులోనే ఉండిపోతాది.

ఏడురోడ్ల_వాణి (కడప)
చాలా థ్యాంక్స్ అన్నా. స్పాంగిల్ అంటే ఏందో కూడా చెప్పండి, పేరు వినడమే గానీ చూసి గుర్తుపట్టడం రాదు నాకు.

పెన్నేటి_గాలి (ప్రొద్దుటూరు)
వాణక్కా నేను చెప్తా, నా దగ్గర సింగిల్ ఫ్యాక్టర్ ఒకటుంది. మామూలు బడ్జీ రెక్క ఈక చూడు, మధ్యలో నలుపు, అంచు పసుపు లేదా తెలుపు. స్పాంగిల్‌లో ఇది తిరగబడతాది, ఈక మధ్యంతా పసుపు, అంచు చుట్టూ సన్న నల్లగీత ఎవరో పెన్సిల్‌తో గీసినట్టు. గొంతు కింద చుక్కలు చూస్తే ఇంకా తెలుస్తాది, మామూలు దానికి నిండు నల్లచుక్క, స్పాంగిల్‌కి నల్ల రింగు మధ్యలో రంగు. జూమ్ చేసి ఫోటో తీసినా చూడండి. ఈ రకం ఆస్ట్రేలియాలో 1970ల్లో వచ్చిందే, కొత్తది. ఒక్క జీన్ ఉంటే ఇట్ల గీతలు తిరగబడతాయి, రెండు ఉంటే గీతలన్నీ పోయి నీ పక్షి మాదిరి తెల్లగానో పసుపుగానో అయిపోతాది.

గువ్వలగూడు (కర్నూలు)
పెన్నేటి చెప్పింది బాగుంది. ఆ గొంతు చుక్కల మాట వచ్చింది కాబట్టి చెప్తా, మామూలు బడ్జీకి చుక్కలు ఆరు, చివరి రెండూ బుగ్గమచ్చ కింద సగం దాక్కోని ఉంటాయి. చాలామంది నాలుగే అనుకుంటారు. షోలకి పెంచేవాళ్ళు ఈ చుక్కలు గుండ్రంగా, పెద్దవిగా, వరుసగా ఉండాలని ఏళ్ళ తరబడి ఎంచి ఎంచి జతకడతారు. నాకు మటుకు ఒంటి రంగు కంటే ఆ చుక్కలూ రెక్క గీతలే ఎక్కువ అందం. రంగు ఎవరికైనా కనపడతాది, గీత చూడ్డం అలవాటు కావాల. పక్షి జాతి, వయసు, కొన్నిసార్లు మగా ఆడా కూడా ఆ గీతల్లోనే రాసి ఉంటాది.

కోట_కుర్రోడు (కర్నూలు)
వయసు ఎట్ల తెలుస్తాదన్నా గీతల్లో? మొన్న కొండారెడ్డి బురుజు పక్కన ఒకాయన పిల్లలు అని చెప్పి అమ్ముతాంటే చూసినా, నాకేమో పెద్దవిగా అనిపించినాయి. పైగా రేటు పిల్ల రేటు చెప్తాడు, చేతికి మచ్చిక అయితాయి అంటాడు.

గువ్వలగూడు (కర్నూలు)
నుదురు చూడు. పిల్ల బడ్జీకి నల్లగీతలు తల వెనక నుంచి నుదుటి మీదుగా ముక్కు కండ దాకా దిగి ఉంటాయి. మూడు నాలుగు నెలలకి మొదటిసారి ఈక మార్చినప్పుడు ఆ గీతలు వెనక్కి పోయి నుదురు శుభ్రంగా పసుపో తెలుపో అయిపోతాది. కన్ను కూడా పిల్లలో నిండు నలుపు, తర్వాత మెల్లగా తెల్ల రింగు వస్తాది. నుదురు శుభ్రంగా ఉండి కంట్లో రింగు ఉంటే అది పిల్ల కాదు, ఎవరు ఏం చెప్పినా సరే.

కానీ అన్ని రకాలకీ ఇది పనిచెయ్యదు. లుటినోకి గీతలే ఉండవు కాబట్టి నుదురు చూసి ఏం లాభం లేదు. ఓపలైన్‌కి (వీపు మీద గీతలు పోయి ఒంటి రంగు దిగే రకం) పిల్లప్పుడే తల మీద గీతలు పలచగా ఉంటాయి. రిసెసివ్ పైడ్‌కి ముసలిదైనా కంట్లో రింగు రాదు. ముందు రకం ఏదో తెలిస్తేనే వయసు తెలుస్తాది.

కోట_కుర్రోడు (కర్నూలు)
రిసెసివ్ పైడ్ అంటే ఏందన్నా? మా ఫ్రెండ్ దగ్గర ఒక జత ఉంది, ఒకటి రెక్కల మీద గీతలు అక్కడక్కడా చల్లినట్టు, కింద పొట్ట మాత్రం నీలం, పైన అంతా తెలుపు. ముక్కు లేత గులాబీ, అందుకే ఆడది అన్నారు షాపులో. ఇంకొకటి మామూలు నీలం, ముక్కు నీలం, అది మగదే. రెండు సీజన్లయినా గుడ్డు పెట్టలేదు. రెండూ ఎప్పుడు చూసినా ఒకదాన్నొకటి చూసి తల ఊపుకుంటా పాడుకుంటానే ఉంటాయి.

ఏడురోడ్ల_వాణి (కడప)
రెండూ పాడతాయా? అయితే రెండూ మగవే అయ్యుంటాయి తమ్ముడూ! మా ఆడది అంత పొడుగు పాట పాడదు, అరుస్తాది, చెక్క కొరుకుతాది, కుండలో దూరతాది.

గువ్వలగూడు (కర్నూలు)
వాణమ్మ చెప్పిందే నిజం. ఆ వర్ణన రిసెసివ్ పైడ్‌కి సరిగ్గా సరిపోతాది. ఆ రకం మగదానికి ముక్కు నీలంగా మారనే మారదు, గులాబీ ఊదాగానే ఉంటాది, షాపోళ్ళు చాలామంది ఆడదని ఇచ్చేస్తారు. నిజమైన ఆడదానికి వయసొస్తే కండ గోధుమ రంగులోకి, గరుకుగా మారతాది, పిల్లప్పుడు లేత నీలం తెలుపుగా ఉన్నా ముక్కు రంధ్రాల చుట్టూ తెల్ల వలయం ఉంటాది. ఫ్రెండ్ పక్షి కన్ను దగ్గరగా చూడమను, నిండు నలుపు, రింగు లేకుండా ఉంటే ఖాయం. బుగ్గమచ్చలో కూడా ఊదా, తెలుపు రెండూ కలిసి ఉంటాయి ఆ రకంలో.

ఆస్ట్రేలియన్ పైడ్ వేరే, అది డామినెంట్, అంటే ఒక్క జీన్ ఉన్నా బయటపడతాది. తల వెనక ఒక రంగులేని మచ్చ, పొట్ట మీద అడ్డంగా ఒక పట్టీ, కంట్లో రింగు వస్తాది, మగదానికి ముక్కు కూడా నీలంగా వస్తాది. కొందరికి నీలం గులాబీ కలిసి మచ్చలుగా కూడా వస్తాది.

పెన్నేటి_గాలి (ప్రొద్దుటూరు)
నాది కూడా ఒక సందేహం అన్నా. బెంగళూరు నుంచి ఒకాయన తెచ్చినాడని ఒక పక్షి తీసుకున్నా, రెయిన్‌బో అని చెప్పి మామూలు దానికి డబుల్ రేటు తీసుకున్నాడు. మొహం పసుపు, ఒళ్ళు నీలం, పొట్ట దగ్గర సముద్రం రంగు, వీపు మీద గీతలు లేవు ఒంటి రంగే దిగింది. చూడ్డానికి చాలా బాగుంది, నేను సంతోషంగానే ఉన్నా. కానీ నిజంగా రెయిన్‌బోనేనా చూసి చెప్పండి, దీన్ని పెట్టి జతకట్టాలని ఉంది.

గువ్వలగూడు (కర్నూలు)
రెక్క ఫోటో ఇంకొంచెం దగ్గర్నుంచి తీసి పెట్టు పెన్నేటి. గీతలు నల్లగా ఉండాయా, బూడిదగా ఉండాయా, దాదాపు కనపడకుండా ఉండాయా, అది ముఖ్యం.

పెన్నేటి_గాలి (ప్రొద్దుటూరు)
పెట్టినా అన్నా. నల్లగానే ఉండాయి, బాగా ముదురుగా.

గువ్వలగూడు (కర్నూలు)
అయితే రెయిన్‌బో కాదు. రెయిన్‌బో అనేది ఒక జీన్ కాదు, మూడు నాలుగు కలిస్తే వచ్చే వేషం. నీలం ఒళ్ళు ఉండాల, మొహం యెల్లోఫేస్ ఉండాల, ఓపలైన్ ఉండాల, దానికి తోడు క్లియర్‌వింగ్ ఉండాల. క్లియర్‌వింగ్ అంటే రెక్క గీతలు దాదాపు తుడిచేసినట్టు తెల్లగా అయిపోయి, ఒంటి రంగు మాత్రం నిండుగా ఉంటాది. నీ పక్షికి మొదటి మూడూ ఉండాయి, వీపు మీద రెక్కల మధ్య గీతలు పోయి ఒంటి రంగు దిగింది చూడు, అది ఓపలైన్ గుర్తు. రెక్క నల్లగా ఉంది కాబట్టి క్లియర్‌వింగ్ లేదు. పేరు చెప్పాలంటే యెల్లోఫేస్ ఓపలైన్ స్కై బ్లూ. మంచి పక్షే, కానీ డబుల్ రేటు పక్షి కాదు.

పొట్ట దగ్గర ఆ సముద్రం రంగు ఉంది కదా, అది యెల్లోఫేస్ టైప్ టూ పని. మొహం మీద పసుపు అక్కడితో ఆగదు, ఈక మార్చినాక ఒంట్లోకి పారి నీలంతో కలిసి ఆకుపచ్చ నీలం అయితాది. దాన్ని చూసి కొందరు పచ్చ బడ్జీ అనుకుంటారు. టైప్ వన్‌లో పసుపు మొహం దగ్గరే ఉండిపోతాది.

పెన్నేటి_గాలి (ప్రొద్దుటూరు)
అర్థమైంది అన్నా. క్లియర్‌వింగ్ మగది ఒకటి వెతుక్కుంటా అయితే, ఓపిగ్గా రెండు తరాలు చూస్తా.

గుత్తి_అమ్మడు (గుత్తి)
అందరికీ నమస్తే, నేను ఈ చర్చ మొత్తం చదివినా. మా పాపకి తిరునాళ్ళలో వాళ్ళ నాన్న రెండు గులాబీ రంగు బడ్జీలు తెచ్చినాడు, ఒకటి గులాబీ ఒకటి నారింజ. లవ్ బర్డ్స్ అన్నాడంట అమ్మినాయన, ఫారిన్ రకం అన్నాడంట. మీరు ఇన్ని రంగులు చెప్పినారు కానీ గులాబీ ఎక్కడా చెప్పలేదు. నీళ్ళ గిన్నెలో స్నానం చేసినాక నీళ్ళు గులాబీగా అయినాయి, గుండె ఝల్లుమంది నాకు. పాప ఏడుస్తాంది రక్తం అనుకోని.

గువ్వలగూడు (కర్నూలు)
అయ్యో తల్లీ. రక్తం కాదు, రంగు. ఆ పక్షులకి డై పూసినారు. బడ్జీకి ఎరుపు రంగు తయారు చేసే శక్తే లేదు, ఉన్నది పసుపు ఒక్కటే. గులాబీ బడ్జీ, నారింజ బడ్జీ, ఎర్ర బడ్జీ ఈ భూమ్మీద ఎక్కడా లేదు. తెల్ల పిల్లల్నో లేత పసుపు పిల్లల్నో పట్టుకోని రంగు నీళ్ళలో ముంచుతారు. కోడిపిల్లలకి వేసినట్టే. నాకు ఇది చూస్తే కడుపు రగిలిపోతాది, చల్లటి రంగు నీళ్ళలో ముంచి ఎండలో ఆరబెడతారు, ఎన్ని పోతాయో ఎవరికి తెలుసు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఏందంటే, ఊరికే కడగొద్దు. సబ్బు, షాంపూ అసలు వద్దు. ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పెట్టు, వాటంతట అవే స్నానం చేస్తాయి, రోజూ నీళ్ళు మార్చు. గాలి తగలని చోట ఆరనియ్యి. మిగిలిన రంగు ఈక మారేటప్పుడు రాలిపోతాది, కొత్త ఈకతో అసలు రంగు బయటికొస్తాది. ఈకలు ఉబ్బించుకోని మూల కూర్చుంటే, గింజ తినకపోతే ఆలస్యం చెయ్యకుండా పశువుల డాక్టర్ దగ్గరికి పో.

ఏడురోడ్ల_వాణి (కడప)
అమ్మడూ, పాపకి చెప్పు, ఇంకొన్ని నెలలకి వాటి సొంత ఈకలు వస్తాయని. ఏ రంగు బయటికొస్తాదో ఎదురుచూడమను, పిల్లలకి అదొక ఇష్టం. కొనేటప్పుడు గుర్తుపట్టాలంటే కాళ్ళు, ముక్కు కండ, గోళ్ళ మొదట్లో చూడాల, రంగు అక్కడ కూడా అంటుకోని ఉంటాది. ఈక మొదలు ఊది చూస్తే లోపల వేరే రంగు కనపడతాది.

గుత్తి_అమ్మడు (గుత్తి)
అవునక్కా, ఊదినా, లోపల తెల్లగా ఉంది. కాళ్ళకి కూడా గులాబీ అంటుకోనుంది. పాప ఇప్పుడు ఊరుకునింది. గింజ బాగానే తింటాండాయి.

తుంగభద్ర_మాస్టారు (కర్నూలు)
అమ్మడు గారూ, గింజలో రకరకాలు కలపండి. మన సీమలో కొర్రలు, సజ్జలు, సామలు అన్నీ దొరుకుతాయి, ఒక్క కొర్రల మీదే ఉంచొద్దు. కొత్తిమీర, మునగాకు, తోటకూర కడిగి పెట్టండి. సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ ఎముక) ముక్క పంజరంలో తగిలించండి. కొత్త ఈక వచ్చేటప్పుడు పక్షికి బలం కావాలి.

టవర్‌క్లాక్_చిన్నా (అనంతపురం)
గువ్వలగూడు అన్నా మళ్ళీ వచ్చినా. నీలం పిల్లకి ఈకలు పూర్తిగా వచ్చినాయి. కుండలోంచి బయటికి వస్తాంది. ఇది ఆకాశం రంగు కాదు, ఇంకా ముదురు, కొంచెం రాజనీలం వైపు ఉంది. ఫోటో పెట్టినా. పచ్చ పిల్లల్లో ఒకటి తండ్రి మాదిరి లేత పచ్చ, ఒకటి తల్లి మాదిరి ముదురు పచ్చ.

గువ్వలగూడు (కర్నూలు)
అదే అనుకున్నా మీ ఆడదాని ఫోటో చూసినప్పుడే. మీ ఆడది డార్క్ గ్రీన్, అంటే ఒక డార్క్ ఫ్యాక్టర్ ఉంది దాంట్లో. ఆ డార్క్ ఫ్యాక్టర్ ఈక నిర్మాణాన్ని మార్చి రంగుని ముదురు చేస్తాది. పచ్చలో ఏదీ లేకపోతే లేత పచ్చ, ఒకటుంటే డార్క్ గ్రీన్, రెండుంటే ఆలివ్. నీలంలో అదే లెక్క, ఏదీ లేకపోతే స్కై బ్లూ, ఒకటుంటే కోబాల్ట్, రెండుంటే మావ్. నీ పిల్ల కోబాల్ట్, తల్లి నుంచి ఆ డార్క్ తీసుకుంది. తండ్రికి డార్క్ లేదు కాబట్టి నీ జతకి మావ్ గానీ ఆలివ్ గానీ రాదు.

ఎవరన్నా ఆలివ్ అని చెప్పి గ్రే గ్రీన్ అంటగట్టేరు, అది కూడా చెప్పేస్తా ఇక్కడే. రెండూ ఆవపచ్చగా దిగులుగా కనపడతాయి. బుగ్గమచ్చ చూడు, ఊదాగా ఉంటే ఆలివ్, బూడిదగా ఉంటే గ్రే గ్రీన్. తోక కూడా ఆలివ్‌కి ముదురు నీలం, గ్రే గ్రీన్‌కి నలుపు. అందుకే మొదట్లో నీ నీలం పిల్ల బుగ్గమచ్చ అడిగింది, గ్రే ఉందేమో అని.

కోట_కుర్రోడు (కర్నూలు)
వయొలెట్ అంటారు కదన్నా, అది కోబాల్టేనా?

గువ్వలగూడు (కర్నూలు)
కాదు. వయొలెట్ వేరే ఫ్యాక్టర్, డామినెంట్. అది కోబాల్ట్ మీద పడితేనే కంటికి నిండు ఊదాగా కనపడతాది. స్కై బ్లూ మీద ఒక వయొలెట్ పడితే కోబాల్ట్ మాదిరే కనపడి మోసం చేస్తాది. షాపులో ట్యూబ్‌లైట్ కింద చూసి తీసుకోవద్దు, పగటి వెలుతురులో చూడు.

పెన్నేటి_గాలి (ప్రొద్దుటూరు)
చిన్నా ఆ లుటినోని అమ్ముతావా? నా దగ్గర పెట్టుకుంటా, బాగా చూసుకుంటా, ఎండ తగలకుండా వరండాలో పెద్ద పంజరం ఉంది.

టవర్‌క్లాక్_చిన్నా (అనంతపురం)
లుటినోని ఇయ్యలేను అన్నా, మా అవ్వ ఇప్పుడు దానికి పసుపమ్మ అని పేరు పెట్టి చేతిలో కొర్రలు పెట్టి తినిపిస్తాంది, ఇస్తే నన్ను ఇంట్లోకి రానియ్యదు. కోబాల్ట్ పిల్ల కావాలంటే ఇస్తా, దుడ్లు వద్దు. ఇంకా సొంతంగా గింజ వలుచుకోవడం పూర్తిగా రాలేదు, వచ్చినాక తీసుకపో.

పెన్నేటి_గాలి (ప్రొద్దుటూరు)
చాలా సంతోషం తమ్ముడూ. మగదో ఆడదో ఇప్పుడే తెలుస్తాదా దీనికి?

గువ్వలగూడు (కర్నూలు)
ఈ ఫోటోలో ముక్కు కండ అంతా ఒకే గులాబీ ఊదా రంగులో ఉంది, రంధ్రాల చుట్టూ తెల్ల వలయం లేదు, మగది అయ్యే అవకాశమే ఎక్కువ. ఇంకొన్ని వారాలు పోనియ్యి, నీలం తిరిగితే ఖాయం. మగదైతే దాంట్లో కూడా ఎర్రకన్ను దాగి ఉండొచ్చు, తండ్రి నుంచి సగం అవకాశం. ఏడాది నిండేదాకా జతకట్టొద్దు పెన్నేటి, ఎంత తొందర ఉన్నా సరే. నీ యెల్లోఫేస్ ఓపలైన్ ఆడదైతే దీంతో పెట్టొచ్చు, కోబాల్ట్ కూడా వస్తాయి, అదృష్టం ఉంటే మొహం పసుపు కోబాల్ట్ వస్తాది. ఎర్రకన్ను ఆడపిల్ల పుట్టిందంటే దీంట్లో ఇనో ఉన్నట్టే. చిన్నా, నువ్వు పసుపమ్మకి జత బయట్నుంచే తెచ్చుకో, ఆ పచ్చ పిల్లలు దాని తోబుట్టువులు, వాటితో కలపొద్దు. మంచి నల్లకన్ను మామూలు పచ్చ మగది అయితే పిల్లలు గట్టిగా వస్తాయి, పుట్టిన మగపిల్లలన్నీ స్ప్లిట్ ఇనోలే అవుతాయి, రాసి పెట్టుకో, కాలికి రింగు వేసి.

టవర్‌క్లాక్_చిన్నా (అనంతపురం)
సరేనన్నా. రింగులు అనంతపురంలో దొరకలేదు, కర్నూల్లో ఉంటే నాలుగు పంపిస్తావా?

గువ్వలగూడు (కర్నూలు)
నా దగ్గర ఉండాయి. పసుపమ్మకి మూసిన రింగు ఇప్పుడు పట్టదు, కాలు పెద్దదయిపోయింటాది, దానికి తెరిచి మూసే ప్లాస్టిక్ రింగు పంపిస్తా. మళ్ళీ గుడ్లు పెట్టినప్పుడు చెప్పు, పిల్లలు పుట్టిన వారం తర్వాత వేసే సైజు అప్పుడు ఇస్తా. అడ్రస్ మెసేజ్‌లో పెట్టు, ఇక్కడ అందరి ముందూ పెట్టొద్దు.